ముందు గీసి చూడండి: ఆర్‌లో ఒక్క వరుసలో గ్రాఫులు

ఎవరైనా ఫైలు పంపి "మేడమ్, దీని సగటు ఎంతో చూసి చెప్పండి" అంటే నేను వెంటనే సగటు జోలికి పోను. ముందు ఆ అంకెల్ని ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామ్‌లోకి లాగి ఒక గ్రాఫు గీసి చూస్తాను. దానికి శీర్షిక ఉండదు, రంగులుండవు. ఎవరికీ చూపించను. చూడాల్సింది చూసి విండో మూసేస్తాను. రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెబుతుంటాను. క్లాసులో పిల్లలు ప్రాజెక్టు గ్రాఫుకి రంగులు వెతుక్కుంటూ గంట గడిపేస్తారు, అంకెల్లో ఏముందో మాత్రం చూడరు. వాళ్లకి నేర్పేదే ఇక్కడ రాస్తున్నాను: తయారు కావడానికి పది సెకన్లు పట్టే గ్రాఫు, మన కళ్ల కోసం మాత్రమే గీసుకునేది.

ఆర్ ఉచితం. దాన్ని దించుకునే సైటు క్రాన్ (CRAN), అక్కడ దొరుకుతుంది. ఆర్‌ని సౌకర్యంగా వాడుకోవడానికి ఆర్‌స్టూడియో అనే ఇంకో ప్రోగ్రామ్ కూడా వేసుకుంటే సుఖం, లేకపోయినా పని ఆగదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల మొదట్లో దీన్ని తయారుచేశారు. అంతకు ముందు 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో జాన్ చేంబర్స్, ఆయన సహచరులు మొదలుపెట్టిన ఎస్ భాష దీనికి మూలం. ఒక వరుస కొట్టడం, జవాబు చూడడం, దాన్ని బట్టి ఇంకో వరుస కొట్టడం ఎస్ నుంచి వచ్చిన పద్ధతే. అందుకే ఇందులో గ్రాఫు గీయడం అంత తేలిక.

కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాను. కంప్యూటర్లో మాత్రం వాటి ఇంగ్లీషు స్పెల్లింగే కొట్టాలి, అన్నీ చిన్నక్షరాల్లో. పెద్దక్షరం కావాల్సిన చోట చెబుతాను. ఆర్‌కి పెద్దక్షరం, చిన్నక్షరం వేరు వేరు. "ఆబ్జెక్ట్ నాట్ ఫౌండ్" అని వస్తే సగం సార్లు అదే కారణం.

ఆర్‌తో పాటే కొన్ని డేటాలు వస్తాయి, దిగుమతి చేసుకోనక్కర్లేదు. మొదట ఇది కొట్టండి. నైల్‌లో ఎన్ పెద్దక్షరం.

ప్లాట్(నైల్)

ఈజిప్టులో అస్వాన్ దగ్గర నైలు నదిలో 1871 నుంచి 1970 వరకు ఏ ఏడు ఎంత నీరు పారిందో ఆ లెక్క ఇది. నూరేళ్లు, నూరు అంకెలు. నిలువు అక్షం మీద ఒక్కో యూనిట్ పది కోట్ల ఘనపు మీటర్లు. గీత ఎగుడుదిగుడుగా పోతూ పోతూ ఒకచోట మెట్టు దిగినట్టు కిందికి దిగి, మళ్లీ పాత ఎత్తుకి రాకుండా అక్కడే తిరుగుతుంటుంది. 1898లో 1100 ఉన్నది 1899లో 774. ఇప్పుడు ఆ గ్రాఫు మూయకుండానే ఈ వరుస కొట్టండి. కమాండు పేరు ఏ, బి అక్షరాలు, వాటి పక్కనే లైన్, అన్నీ కలిపి ఒకే మాట.

ఎబిలైన్(హెచ్ = మీన్(నైల్))

919 దగ్గర అడ్డగీత పడుతుంది. నూరేళ్ల సగటు అది. కానీ 1898కి ముందు ఏళ్లలో ఎక్కువ భాగం ఆ గీతకి పైన, తర్వాతి ఏళ్లలో ఎక్కువ భాగం దానికి కింద ఉంటాయి. ముందున్న సగటు 1100 దాపు, తర్వాతది 850 దాపు. 919 అటు వాళ్లదీ కాదు, ఇటు వాళ్లదీ కాదు. ఫైలు తెరవగానే సగటు కట్టేసి ఉంటే చేతికొచ్చేది ఆ 919 మాత్రమే.

ఇక్కడ పిల్లలు ఠక్కున "అస్వాన్ ఆనకట్ట కట్టారు కదండీ" అంటారు. మొదటి అస్వాన్ ఆనకట్ట పని 1899లో మొదలై 1902లో పూర్తయింది. పునాదులు తవ్వుతున్న ఏడాదే నీరు తగ్గిపోతే నేరం ఆనకట్ట మీద వేయడం కుదరదు. ఎప్పుడు మారిందో గ్రాఫు చూపిస్తుంది, ఎందుకు మారిందో అడిగితే చెప్పదు.

అవే నూరు అంకెలకి హిస్టోగ్రామ్ గీయండి, అంటే ఏ అంకెల మధ్య ఎన్ని పడ్డాయో కమ్మీలుగా చూపే బొమ్మ.

హిస్ట్(నైల్)

మధ్యలో ఎత్తుగా, పక్కలకి తగ్గుతూ బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది. ఆ మెట్టు ఆచూకీ ఉండదు, ఎందుకంటే హిస్టోగ్రామ్‌కి ఏది ముందు ఏది వెనక అన్న పట్టింపు లేదు. కాలంతో పాటు నమోదైన అంకెలైతే, హిస్టోగ్రామ్ కంటే ముందు వరసగా గీత గీసి చూడాలి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే చాలా తప్పులు ముందే దొరుకుతాయి.

ప్లాట్ అనే కమాండు గురించి ఒక మాట. దానికి ఏమిస్తే దాన్ని బట్టి గ్రాఫు మారుతుంది. నైల్ కాలశ్రేణి అని ఆర్‌కి తెలుసు, అందుకే అడగకుండానే గీత గీసి, కింద సంవత్సరాలు వేసింది. మామూలు అంకెల వరస ఇస్తే చుక్కలు పెడుతుంది. వర్గాల కాలమ్ (ఆర్ దాన్ని ఫ్యాక్టర్ అంటుంది) ఇస్తే కమ్మీలు వేస్తుంది. మొత్తం టేబులే ఇచ్చేస్తే ప్రతి కాలమ్‌ని ప్రతి కాలమ్‌తో జతకట్టి చూపిస్తుంది. కాబట్టి ఏ గ్రాఫు వేయాలో తోచనప్పుడు ముందు ప్లాట్ కొట్టి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది.

హిస్టోగ్రామ్ పనికొచ్చే చోటు వేరే ఉంది. అమెరికాలో ఎల్లోస్టోన్ పార్కులో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి ఊట ఉంది. కాసేపటికోసారి ఎగజిమ్ముతుంది. ఎంతసేపు జిమ్మింది, మళ్లీ జిమ్మేదాకా ఎన్ని నిమిషాలు ఆగాలి అన్న రెండు కాలమ్‌లతో 272 వరుసల డేటా ఫెయిత్‌ఫుల్ పేరుతో ఆర్‌లో ఉంది. కాలమ్‌ని పిలవడానికి డాలర్ గుర్తు వాడతాం.

హిస్ట్(ఫెయిత్‌ఫుల్$వెయిటింగ్, బ్రేక్స్ = 20)

రెండు గుట్టలు కనిపిస్తాయి, ఒకటి 55 నిమిషాల దగ్గర, ఇంకోటి 80 దగ్గర. సగటు దాదాపు 71 నిమిషాలు, సరిగ్గా రెండు గుట్టల మధ్య పల్లంలో. "సగటున 71 నిమిషాలు ఆగాలి" అని బోర్డు పెడితే అక్కడికి వెళ్లిన వాళ్లలో ఎక్కువమందికి అది తప్పే అవుతుంది. బ్రేక్స్ దగ్గర 20 అన్నంత మాత్రాన సరిగ్గా ఇరవై కమ్మీలు రావు. ఆర్ దాన్ని సలహాగా తీసుకుని, గుండ్రటి అంకెల దగ్గర కోతలు పెడుతుంది. 5 పెట్టి చూడండి, 40 పెట్టి చూడండి. పైబాణం మీట నొక్కితే పాత వరుస మళ్లీ వస్తుంది, అంకె మార్చి ఎంటర్ కొట్టడమే. ఏ అంకె పెట్టినా నిలిచే ఆకారాన్ని నమ్మొచ్చు.

రెండు గుట్టలు ఎందుకో తెలియాలంటే రెండు కాలమ్‌లూ కలిపి చూడాలి.

ప్లాట్(వెయిటింగ్ ~ ఎరప్షన్స్, డేటా = ఫెయిత్‌ఫుల్)

మధ్యలో ఉన్నది టిల్డా, కీబోర్డులో ఒకటి అంకెకి ఎడమపక్క ఉంటుంది. దానికి ఎడమవైపుది నిలువు అక్షం, కుడివైపుది అడ్డం. తక్కువసేపు జిమ్మితే తర్వాతిది త్వరగా వస్తుంది, ఎక్కువసేపు జిమ్మితే చాలాసేపు ఆగాలి. రెండు గుంపులు విడివిడిగా కనిపిస్తాయి. ఈ టిల్డా పద్ధతి ఒక్కటి వంటబడితే ఆర్‌లో సగం గ్రాఫులు వచ్చేసినట్టే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన డేటా. పేరు ఎయిర్‌క్వాలిటీ. న్యూయార్క్‌లో 1973 మే నుంచి సెప్టెంబరు దాకా రోజువారీ గాలి లెక్కలు, 153 రోజులు. ఓజోన్, గాలి వేగం, ఫారన్‌హీట్‌లో ఉష్ణోగ్రత వగైరా. ఇందులో కాలమ్ పేర్లన్నీ పెద్దక్షరంతో మొదలవుతాయి.

బాక్స్‌ప్లాట్(ఓజోన్ ~ మంత్, డేటా = ఎయిర్‌క్వాలిటీ)

ఐదు నెలలకి ఐదు పెట్టెలు. పెట్టె మధ్య గీత మధ్యగతం. పెట్టె అడుగు, పై అంచు కలిపి మధ్య సగం రోజుల్ని పట్టుకుంటాయి. మీసాలు పెట్టె ఎత్తుకి ఒకటిన్నర రెట్లు దాటకుండా ఆగిపోతాయి, ఆ పైవి విడి చుక్కలు. జులై, ఆగస్టు పెట్టెలు పైకి లేస్తాయి. చూడగానే "ఓహో, ఎండల్లో ఓజోన్ పెరిగింది" అనిపిస్తుంది. కాస్త ఆగండి. జూన్ పెట్టె కూడా మిగతావాటిలాగే దర్జాగా నిలబడి ఉంది కదా? ఓజోన్ కాలమ్‌లో మొత్తం 37 రోజులకి కొలత లేదు, అందులో 21 జూన్‌లోనే. అంటే జూన్ పెట్టె తొమ్మిదే తొమ్మిది అంకెల మీద కట్టింది. పెట్టె ఆ సంగతి దాచేస్తుంది. ఆర్ కూడా ఖాళీల్ని నోరెత్తకుండా వదిలేసి గీసేస్తుంది. అందుకే పెట్టెల మీద అసలు చుక్కలు వేసి చూస్తాను.

స్ట్రిప్‌చార్ట్(ఓజోన్ ~ మంత్, డేటా = ఎయిర్‌క్వాలిటీ, వర్టికల్ = ట్రూ, మెథడ్ = "జిట్టర్", యాడ్ = ట్రూ, పీసీహెచ్ = 16)

ట్రూ అన్నది మొత్తం పెద్దక్షరాల్లో. యాడ్ అంటే ఉన్న గ్రాఫు మీదే వెయ్యమని. జిట్టర్ అంటే చుక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా అటూ ఇటూ కొంచెం జరపమని. పీసీహెచ్ 16 అంటే నిండు చుక్క. పెట్టె దాటిన చుక్కలు రెండేసిసార్లు పడతాయి, పర్వాలేదు, ఇది మన కళ్లకే. ఇప్పుడు జూన్ మీద చుక్కలు పలచగా కనిపిస్తాయి. ఆగస్టులో అన్నిటికంటే పైన ఒంటరిగా ఒక చుక్క ఉంటుంది, అదెవరో అడగండి.

ఎయిర్‌క్వాలిటీ[విచ్.మాక్స్(ఎయిర్‌క్వాలిటీ$ఓజోన్), ]

చివరి కామా మర్చిపోవద్దు, మొత్తం వరుస కావాలని చెప్పేది అదే. ఆగస్టు 25. ఓజోన్ 168, ఉష్ణోగ్రత 81, గాలి వేగం గంటకి 3.4 మైళ్లు. వేడి ఆ నెలకి పెద్ద విశేషం కాదు, గాలి మాత్రం దాదాపు కదల్లేదు. అనుమానం గాలి మీదకి మళ్లింది కాబట్టి అన్నీ ఒకేసారి చూద్దాం.

పెయిర్స్(ఎయిర్‌క్వాలిటీ[, 1:4], ప్యానెల్ = ప్యానెల్.స్మూత్)

మొదటి నాలుగు కాలమ్‌లు చాలు. నెల, తేదీ కాలమ్‌లు కూడా వేస్తే చుక్కల చాపలు వస్తాయి తప్ప ఏమీ తెలియదు. ఓజోన్ వరసలో చూడండి: గాలి పెరిగేకొద్దీ ఓజోన్ తగ్గుతుంది, వేడి పెరిగేకొద్దీ పెరుగుతుంది. ప్యానెల్.స్మూత్ చుక్కల మధ్య గీసిన ఎర్రగీత తిన్నగా లేదు, వంగింది. అది చూశాక కూడా ఎవరైనా తిన్నని గీతని బలవంతంగా అతికిస్తే నేను మార్కులు వెయ్యను.

ఇక మన గోదారి సంగతి. వానాకాలంలో మా ఊళ్లో ప్రతి ఇంట్లో వినపడే అంకె ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలం వాళ్లకైతే 43, 48, 53. పేపర్లో వచ్చే మట్టాలు టైప్ చేసి వరద రోజుల్లో పిల్లల చేత గ్రాఫు వేయిస్తాను. ఇవి సాధన కోసం ఊహించి వేసిన అంకెలు:

ఎం <- సి(9.8, 10.6, 11.9, 13.2, 14.1, 13.6, 12.4)
ప్లాట్(ఎం, టైప్ = "బి")
ఎబిలైన్(హెచ్ = సి(11.75, 13.75, 17.75), కాల్ = "రెడ్", ఎల్‌టీవై = 2)

ఎం పక్కనున్న బాణం గుర్తు, కుడివైపు ఉన్నదాన్ని ఎం అనే పేరుతో దాచమని. సి అన్నది ఒక్క అక్షరమే, అంకెల్ని కలిపి కట్టేస్తుంది. టైప్ దగ్గర బి అంటే చుక్కలూ గీతా రెండూ. కాల్ అంటే సి, ఓ, ఎల్ మూడక్షరాలు, రంగు. ఎల్‌టీవై 2 అంటే తెగిన గీత. ఎంటర్ కొట్టగానే వెనక బెంచీ నుంచి వినపడుతుంది: "మేడమ్, మూడో గీత రాలేదండి." రాదు. ప్లాట్ మొదట గీసినప్పుడే మన అంకెల్ని బట్టి నిలువు అక్షం హద్దులు తేల్చేసుకుంది, 14 దాటి కొంచెం పైకి మాత్రమే. తర్వాత 17.75 దగ్గర గీత వెయ్యమంటే ఆర్ వేస్తుంది, గ్రాఫు బయట. ఎర్రర్ కూడా చెప్పదు. హద్దు ముందే చెప్పాలి.

ప్లాట్(ఎం, టైప్ = "బి", వైలిమ్ = రేంజ్(ఎం, 17.75))

ఆ తర్వాత ఎబిలైన్ మళ్లీ కొట్టండి. ఈసారి మూడు గీతలూ ఉంటాయి. మట్టం మూడో గీతకి ఎంత దూరంలో ఉందో కూడా కనపడుతుంది. మొదటి గ్రాఫు చూసిన వాళ్లకి వరద నెత్తి మీదకి వచ్చినట్టుంటుంది, రెండోది చూస్తే ఇంకా ఊరట ఉన్నట్టు. అంకెలు అవే.

మీ సొంత ఫైలు తెచ్చుకోవడానికి ఎక్సెల్లో సీఎస్‌వీగా (కాలమ్‌ల మధ్య కామాలు పెట్టిన మామూలు ఫైలుగా) సేవ్ చేసి ఇలా కొట్టండి.

డి <- రీడ్.సీఎస్‌వీ(ఫైల్.చూజ్())

ఫైలు ఎంచుకునే కిటికీ తెరుచుకుంటుంది, దారి మొత్తం టైప్ చేసే బాధ లేదు. వెంటనే ఎస్, టీ, ఆర్ మూడక్షరాల కమాండు ఒకటుంది, ఎస్‌టీఆర్(డి), అది కొట్టి ఏ కాలమ్ అంకెలుగా వచ్చింది, ఏది అక్షరాలుగా వచ్చింది చూడండి. మన ఫైళ్లలో రెండు చిక్కులు తప్పకుండా ఉంటాయి.

మొదటిది కామాలు. 1,25,000 అని మనం రాసుకున్నది ఆర్‌కి అంకె కాదు, ఒక మాట. ఆ కాలమ్ గీయమంటే హద్దులు దొరకలేదని ఎర్రర్ ఇస్తుంది. కామాలు తీసేసి అంకెగా మార్చాలి. ధర అనే కాలమ్ పేరు రేట్ అనుకుంటే:

డి$రేట్ <- యాజ్.న్యూమరిక్(జీసబ్(",", "", డి$రేట్))

రెండోది తేదీలు, ఇంకా కొంటెవి. మనం రోజు-నెల-సంవత్సరం వరసలో రాస్తాం. ఆర్ ముందుగా సంవత్సరం కోసం చూస్తుంది. 05-07-2022 అని ఇచ్చి, పద్ధతి చెప్పకుండా తేదీగా మార్చమంటే 05ని సంవత్సరం అనుకుని, క్రీస్తుశకం 5వ సంవత్సరం జులై 20 అని తీసుకుంటుంది. ఎర్రర్ రాదు. లెక్కలు కడుతూ పోతే ఎప్పటికో బయటపడుతుంది, గ్రాఫు గీస్తే మాత్రం మొదటి చూపులోనే అడ్డ అక్షం మీద శాతవాహనుల కాలం కనిపిస్తుంది. పద్ధతి ఇలా చెప్పాలి. డేట్‌లో డి పెద్దక్షరం. శాతం గుర్తుల తర్వాతవి ఇంగ్లీషు అక్షరాలు, వై మాత్రం పెద్దది. చిన్న వై పెడితే రెండంకెల సంవత్సరం అనుకుంటుంది.

డి$తేదీ <- యాజ్.డేట్(డి$తేదీ, ఫార్మాట్ = "%డి-%ఎం-%వై")

లెక్కపెట్టాల్సినవి, అంటే ఏ మండలం నుంచి ఎంతమంది, ఏ గ్రూపులో ఎంతమంది లాంటివి ఉంటే బార్‌ప్లాట్(టేబుల్(డి$మండలం)) చాలు. టేబుల్ ముందు సార్ట్ కలిపితే పొట్టి నుంచి పొడుగుకి వరసగా వస్తాయి. వృత్తాన్ని ముక్కలుగా కోసి చూపించే పై (pie) చార్ట్ మాత్రం అడక్కండి. దాని సహాయపు పేజీలోనే, సమాచారం చూపించడానికి అది చాలా చెడ్డ పద్ధతి అని ఆర్ తయారుచేసినవాళ్లే రాసిపెట్టారు. కోణాల కన్నా పొడవుల్ని కన్ను బాగా పోలుస్తుంది.

వరుసలు వేలల్లో ఉంటే చుక్కలన్నీ కలిసి నల్లటి ముద్ద అవుతుంది. పీసీహెచ్ = "." అని చుక్కంత చుక్క పెట్టండి. డబ్బు, జనాభా లాంటి అంకెల్లో ఒకటి కోట్లలో, మిగతావి వేలల్లో ఉంటే లాగ్ = "వై" చేర్చండి. రెండు గ్రాఫులు పక్కపక్కన కావాలంటే ముందు పార్(ఎంఎఫ్‌రో = సి(1, 2)) కొట్టాలి. అది అలాగే ఉండిపోతుంది, వద్దనుకున్నప్పుడు సి(1, 1) చేయాలి. ఆర్‌స్టూడియోలో "ఫిగర్ మార్జిన్స్ టూ లార్జ్" అని వస్తే భయపడక్కర్లేదు, గ్రాఫు వచ్చే గడి మరీ చిన్నదైంది, మౌసుతో లాగి పెద్దది చేసి మళ్లీ కొట్టండి.

జీజీప్లాట్2 ఎందుకు చెప్పలేదని అడుగుతారు. హాడ్లీ విక్‌హమ్ చేసిన ఆ గ్రాఫుల ప్యాకేజీ నేనూ వాడతాను, నలుగురికి చూపించే గ్రాఫుకి. మనమే ఇంకా ఏముందో వెతుక్కుంటున్న దశలో అంత టైపింగ్ ఎందుకు?

ఈ గ్రాఫుల్లో నూటికి తొంభై పారేయడానికే. ఏదైనా ఒకటి ఎవరికైనా పంపాల్సి వస్తే:

పీఎన్‌జీ("మట్టం.పీఎన్‌జీ", విడ్త్ = 1200, హైట్ = 800, రెస్ = 150)
ప్లాట్(ఎం, టైప్ = "బి", వైలిమ్ = రేంజ్(ఎం, 17.75), ఎక్స్‌ల్యాబ్ = "రోజు", వైల్యాబ్ = "అడుగులు")
డెవ్.ఆఫ్()

చివరి వరుస కొట్టేదాకా ఫైలు పూర్తవదు. తెరిచి చూస్తే ఖాళీగా ఉంటే కారణం అదే. మధ్యలో గ్రాఫు తెర మీద కనపడదు, ఫైల్లోకి పోతోంది కాబట్టి. అక్షాల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, ఎక్స్‌ల్యాబ్, వైల్యాబ్ దగ్గర కొటేషన్ గుర్తుల మధ్య తెలుగు నేరుగా టైప్ చేయండి. పీడీఎఫ్ కావాలంటే మాత్రం మామూలు పీడీఎఫ్ కమాండు వాడకండి. దానికి తెలుగు అక్షరాలు తెలియవు, వాటి బదులు వరసగా చుక్కలు పెట్టి హెచ్చరికలు కురిపిస్తుంది. కైరో_పీడీఎఫ్ వాడండి. అందులో విడ్త్, హైట్ అంగుళాల్లో ఇవ్వాలి, 1200 అని ఇచ్చేస్తే గోడకి కూడా పట్టని కాగితం తయారవుతుంది. 8, 5 చాలు.